బొల్లిమేక మేయని ఆకు

మేక మేయని ఆకు లేదంటారు. ఆ మాట అన్నవాళ్ళెవరో అప్పలసూరి పెరడు చూసి ఉండరు. ఆ పెరట్లో బొల్లి అని ఒక మేక ఉండేది. కరివేపాకు, కానుగాకు, ఆరేసిన చీర కొంగు, గోడకి అంటించిన సినిమా పోస్టరు, అన్నీ దాని కడుపులోకి పోయినవే. ఒక్క ఆకు మాత్రం మిగిలిపోయింది. బావి నీళ్ళు పారి ఎప్పుడూ తడిగా ఉండే మూలన, గోడవారగా గుబురుగా పెరిగిన దురదగొండి.

చూడ్డానికి తులసాకంత అమాయకంగా ఉంటుంది. దగ్గరికెళ్ళి చూస్తే ఆకు నిండా సన్నటి నూగు. ఆ నూగు తగిలిందా, తగిలిన చోటల్లా నిప్పు పెట్టినట్టు మండి, దద్దుర్లు లేచి, గోకేకొద్దీ పాకుతుంది. బొల్లి పిల్లప్పుడు ఓసారి మూతి పెట్టింది. పెదవులు వాచిపోయి ఆ పూటంతా తల్లి పాలు కూడా ముట్టలేదు.

ఇంకో మేకైతే మళ్ళీ ఆ దారిన పోదు. ఇది అలాంటిది కాదు. రోజూ పోయి, మూతి ఆనకుండా మెడ అటు తిప్పి ఇటు తిప్పి ఆ ఆకునే చూసేది. ఎందుకు మండుతుంది? వానలో తడిస్తే మండుతుందా? ఎండిపోయాక కూడా మండుతుందా? దీన్ని తిని బతికినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? తీరిగ్గా ఎవరు కనపడితే వాళ్ళని పట్టుకుని ఇవే ప్రశ్నలు. చుక్కల పెట్ట అనే కోడికి ఓపిక నశించి, నీకు మేత ఎక్కువై ప్రశ్నలు మొలుస్తున్నాయే అని ముక్కుతో పొడిచేది.

సరే, మేకకి పనిలేదు, అడుగుతుంది. అసలు కష్టం ఎద్దుది.

ఎద్దు పేరు మైలోడు. మంచి పనిమంతుడు. కాడి మెడ మీద పెడితే తనే ముందడుగు వేసే రకం. అలాంటివాడికి ఆ ఎండాకాలం ముందుకాళ్ళ మోకాళ్ళు బిగుసుకుపోయాయి. లేవాలంటే మూలుగు, లేచాక వణుకు. చివరికి లేవడమే మానేసి, కోళ్ళగూటి ముందు అడ్డంగా పడుకుని ఉండిపోయాడు. అతని జత ఎద్దు, ఇంటి కుక్క, ఇద్దరూ అప్పలసూరి వెంట మామిడితోట కాపలాలో ఉన్నారు. పెరట్లో మగదిక్కంటే మైలోడొక్కడే, అతనూ నేల మీద.

అప్పలసూరి ఓ పొద్దున తోట నుంచి వచ్చి, మైలోడి మోకాలు నొక్కి చూసి, పెళ్ళాం పోలమ్మతో ఒకే మాట అన్నాడు. ఏరువాక పున్నమికి లేచి కాడి ఎత్తాడా సరే, లేకపోతే సంతకే. లేవలేని ఎద్దుని సంతలో ఎవరు కొంటారో, కొని ఏం చేస్తారో పెరట్లో అందరికీ తెలుసు. ఆ రోజు చుక్కల పెట్ట కూడా గట్టిగా అరవలేదు.

సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు జంబయ్య. నక్క. కుక్క ఇంట్లో లేదని వాసన పట్టి, గోడకన్నంలోంచి పట్టపగలే లోపలికొచ్చి, దూరంగా నిలబడి, తల వంచి దణ్ణం పెట్టాడు. తాను కొండ దిగువ మృగాలన్నిటికీ వైద్యం చేస్తానన్నాడు. మైలన్న కష్టం విని మనసు ఆగలేదన్నాడు. దమ్మిడీ వద్దు, గుప్పెడు గింజలు వద్దు, పుణ్యానికే చేస్తానన్నాడు. నక్క వినయాలంటే అవే మరి.

"ఊరక రారు మహానుభావులు," అంది చుక్కల పెట్ట, గూట్లోంచి బయటికి రాకుండానే.

దాని అనుమానం నిజమే. దాచడమెందుకు, మీకు ఇప్పుడే చెప్పేస్తాను. జంబయ్య కన్ను మైలోడి మోకాళ్ళ మీద లేదు, మైలోడి వెనకున్న గూటి మీద ఉంది. ఎద్దు పడుకున్నా కొమ్ములు పడుకోవు కదా. ఆ కొమ్ములు అడ్డం ఉన్నంతకాలం గూట్లో మూతి పెట్టడం కుదరదు. మైలోడు సంతకి పోతే కొమ్ములూ పోతాయి. అందుకని ఏరువాక దాకా ఇతన్ని లేవకుండా చూడ్డమే జంబయ్య వైద్యం.

మందేమిటంటే, పొయ్యి బూడిదలో ఉమ్మేసి మోకాళ్ళకి రాశాడు. పథ్యమేమిటంటే, కదలకూడదు. కాలు కదిపితే కీలు అరిగిపోతుంది, పున్నమి దాకా చెక్కలా పడుండాలి అన్నాడు. మైలోడు మంచివాడు, అంటే ఎవరేం చెప్పినా నమ్మేవాడు. చెక్కలాగే పడుకున్నాడు. కదలక కదలక, బాగున్న కీళ్ళు కూడా పట్టేశాయి.

బొల్లి మాత్రం వైద్యుడి చుట్టూ తిరిగింది.

"మావా, బూడిద ఎందుకు?"

"వేడి చేస్తుంది కోడలా."

"చల్లారిపోయింది కదా?"

"లోపల వేడి ఉంటుంది."

"మరి నీ ఉమ్మి ఎందుకు?"

జంబయ్య పళ్ళు కనపడేట్టు నవ్వి, ఆడపిల్లకి ఇన్ని ప్రశ్నలు మంచివి కావన్నాడు. మందు సంగతి అడిగితే మర్యాద సంగతి చెప్తున్నాడేమిటా అని బొల్లికి అనుమానం వచ్చింది. వచ్చాక ఇక నిలవదు. తిన్నగా కొండమ్మ దగ్గరికి పోయింది.

కొండమ్మ గేదె. మన్యం నుంచి కొనుక్కొచ్చారు కాబట్టి ఆ పేరు. ఒంటి మీద వాన కురిసినా, వడగళ్ళు పడినా తెలియని తోలు. ఎవరేమన్నా నెమరు ఆపదు. కొండమీద మోకాళ్ళు పట్టేస్తే ఏం చేసేవారు పిన్నీ అని బొల్లి అడిగితే, చాలాసేపు నమిలి, బావి మూల వైపు తల ఊపింది. ముసలమ్మలు ఆ మండే ఆకే వాడేవారట. కొంత తాగేవారు, కొంత మోకాళ్ళకి కట్టుకునేవారు.

బొల్లి చెవులు నిక్కపొడిచింది. తన బతుకంతా చూస్తున్న ఆకు మందా? "తాగేవారా? గొంతు కాలదూ? ఎలా చేసేవారు పిన్నీ?"

"ఎలా అంటే... కుండ ఉండేది. పొగ వచ్చేది. నాకు నిద్ర వచ్చేది."

అంతకంటే ఒక్క ముక్క రాలేదు. గేదెని అడిగి వైద్యం నేర్చుకోవడమంటే అలాగే ఉంటుంది.

మర్నాటి నుంచి బొల్లి మేత మానేసింది. మండే ఆకు మందెలా అవుతుంది? మైలన్నని చూస్తే జాలి, ఆకుని చూస్తే ఆశ, జంబయ్యని చూస్తే ఒళ్ళుమంట. పెరడంతా అటూ ఇటూ తిరుగుతుంటే చుక్కల పెట్టకి కళ్ళు తిరిగాయి.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అంది. "మోకాళ్ళు ఆయనవి, మందు ఆ నక్కది. మధ్యలో నీ గోలేమిటి?"

బొల్లి టక్కున ఆగింది. "కంద అన్నావా?"

"అన్నాను. సామెత. ఏం, సామెతని కూడా మేస్తావా?"

మేసేసింది. అప్పటికప్పుడు నిలబడి నెమరేసింది. పోలమ్మ కంద తవ్వితే ముందు చేతులకి నూనె రాసుకుంటుంది. ఎందుకు, పచ్చి కంద దురద కాబట్టి. ఆ తొక్కలు తానోసారి తిని గొంతు దురదతో రాత్రంతా అరిచింది. కానీ అదే కంద చింతపండేసి వండాక, విస్తట్లో మిగిలిన కూర తాను నాకింది. ఏమీ కాలేదు. పైగా బాగుంది. దుంప అదే, దురద ఏమైంది? పొయ్యి మింగేసింది. అయితే దురద కందలో లేదు, కంద పచ్చిదనంలో ఉంది. ఈ ఆకు సంగతీ అంతేనేమో?

అనుకోవడం వేరు, చూడ్డం వేరు. ముందు ఆకు తెంపాలి. ఎవరు తెంపుతారు? బొల్లి మూతి పెట్టనంది. పెట్ట కాలు పెట్టనంది. కొండమ్మ మాత్రం, అదెంత పని అని లేచి, గుబురులోకి నడుచుకుంటూ పోయి కొమ్ముతో లాగి పడేసింది. ఆ తోలుకి దురదగొండీ ఒకటే, దువ్వెనా ఒకటే.

బొల్లి దూరం నుంచే వాసన చూసి, గిట్టతో ఏరింది. పూత వచ్చిన కొమ్మది ముదురు వాసన, పూతకి రాని చిగుళ్ళది పచ్చి వాసన. ఆకుల విషయంలో మేక ముక్కుని మించింది లేదు. చిగుళ్ళనే వేరు చేస్తుంటే కొండమ్మకి ఉన్నట్టుండి గుర్తొచ్చి, అవునవును, ముసలమ్మలు చిగుళ్ళే గిల్లేవారు అంది. ముందే చెప్పొచ్చుగా అంటే, అడగలేదుగా అంది.

చిగుళ్ళని కొండమ్మే కొమ్ముతో తీసి బట్టలుతికే బండ మీద ఎండలో పరిచింది. మధ్యాహ్నానికి ఆకు వాడి తలొంచేసింది. బొల్లి కళ్ళు మూసుకుని, పెదవి చివర ఒక్కటి ఆనించింది. చిన్న చురుకు. అంతే. మర్నాడు ఇంకా ఎండాక మళ్ళీ ఆనించింది. ఆ చురుకూ లేదు. బొల్లికి ఎంత సంబరమేసిందంటే, బండ చుట్టూ గంతులేసి మళ్ళీ వచ్చి మళ్ళీ ఆనించి చూసుకుంది.

ఇక పొయ్యి. పోలమ్మ రోజూ పొద్దున్నే పెరట్లో మూడురాళ్ళ పొయ్యి మీద బానలో ఉలవలు ఉడకబెడుతుంది. ఆ ఉలవనీళ్ళు కుడితిలో కలిపి మైలోడి తొట్టిలో పోస్తుంది. ఆమె నీళ్ళకి బావి దగ్గరికి పోగానే బొల్లి వాడిన చిగుళ్ళు నోటకరుచుకొచ్చి బానలో వేసింది. కుతకుత ఉడికాయి. నీళ్ళు పచ్చగా తిరిగి, ఉలవ వాసనలో ఆకుకూర వాసన కలిసింది. పోలమ్మ వచ్చి, ఉడికిన ఆకంతా చూసి, ఇది నీ పనే కదే అని బొల్లి వీపు మీద కర్రతో ఒకటి వేసి, ఆకు చేత్తో తీసి పక్కన పారేసింది. నీళ్ళు మాత్రం పారబోయలేదు. ఉలవలు ఊరికే వస్తాయా? ఆమె చేతులు ఏమీ మండలేదు. వీపు మంటలోనూ బొల్లి ఆ చేతులకేసే చూసింది.

కుడితి తొట్టిలో పడగానే, మైలన్న కంటే ముందు బొల్లి తల దూర్చి తాగింది. తెలియని మందు ఇంకొకరికి పోసే ముందు తాను తాగాలనే బుద్ధి దానికి ఎవరూ నేర్పలేదు. ఎలా ఉంటుందో చూడాలన్న ఆత్రమే నేర్పింది. చుక్కల పెట్ట గూటి మీదికెక్కి, ఇది ఎప్పుడు పడిపోతుందా అని సాయంత్రం దాకా చూసింది. బొల్లి పడిపోలేదు. పెరడంతా తిరిగి తిరిగి ఉచ్చపోసింది, అంతే.

అప్పటిదాకా మైలోడిని తొట్టి ముట్టనివ్వని బొల్లి, అప్పుడు అతనికి సంగతి చెప్పింది. వైద్యుడుగారిని అడక్కుండా ఎలాగమ్మా అని అతను నసిగాడు. ఉలవ వాసన తగలగానే నసుగుడు ఆగిపోయింది. అలా రోజూ కుడితితో పాటు ఆకునీళ్ళు తాగాడు. పోలమ్మ పారేసిన ఉడికిన ఆకుని బొల్లి తెచ్చి, వేడి ఆరకముందే మోకాళ్ళ మీద పరిచేది. పరిచి, తన గడ్డంతో నొక్కేది. నొక్కి, కాలు చాపు, ఇప్పుడు ముడుచుకో, నొప్పిందా, ఎక్కడ, ఎంత, అని పీడించుకు తినేది. ప్రశ్నలకి జవాబు చెప్పలేక మైలోడు కాలు కదిపేవాడు.

ఇదంతా మీ మోకాళ్ళకి పనిచేస్తుందా అని నన్నడక్కండి. నేను కథ చెప్పేదాన్ని, వైద్యం చేసేదాన్ని కాదు. మైలోడికి మాత్రం ఓ పొద్దున కుడి మోకాలు నొప్పి లేకుండా ముడుచుకుంది. తర్వాత ఎడమది. ఏరువాక ముందురోజుకి, పొట్ట నేల మీంచి లేపి కాసేపు ఆగి మళ్ళీ పడుకునే దాకా వచ్చాడు.

ఆ రోజు పోలమ్మ తోటకి అన్నం పట్టుకెళ్ళిందని కనిపెట్టి జంబయ్య వచ్చాడు. మైలోడు ఎంత మంచివాడో చెప్పాను కదా. దాచాలని కూడా తోచలేదు. "మీ బూడిద బ్రహ్మాండంగా పనిచేస్తోంది వైద్యుడుగారూ. దానికి తోడు మా బొల్లి ఆ దురదగొండి ఆకు కాచి పోస్తోంది. రేపు లేచి నిలబడతానేమో అనిపిస్తోంది," అన్నాడు.

జంబయ్యకి గుండెల్లో రాయి పడింది. ఇన్నాళ్ళ వినయం, ఇంత ఉమ్మి, అన్నీ వృథా. కానీ నక్క కదా, రెప్పపాటులో మొహం మార్చేశాడు. రెండు చేతులా తల పట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

"దురదగొండా? ఎంత పని జరిగిపోయింది మైలన్నా. పైన తగిలితేనే ఒళ్ళంతా కాలే ఆకు, లోపలికి పోతే పేగుల్ని ఊరికే వదిలేస్తుందా?"

"బాగానే ఉంది కదండీ."

"ఆరిపోయే ముందు దీపం పెద్దగా వెలుగుతుంది."

మైలోడి మొహం పాలిపోయింది. తానూ తాగానని బొల్లి ముందుకొచ్చి చెప్పింది. మేక కడుపు వేరు, మేకులు తిన్నా అరిగించుకుంటుంది అన్నాడు జంబయ్య. తర్వాత గొంతు వణికించి, నా మాట మీద నమ్మకం లేకపోతే నా ప్రాణమే అడ్డం వేసి చూపిస్తాను, ఒక్క ఎద్దు ప్రాణం కాపాడితే నా జన్మ ధన్యం అని, ఎవరూ ఆపకముందే తొట్టిలో మూతి పెట్టి గటగటా తాగేశాడు. మీసాలు తుడుచుకున్నాడు. ఒక్క క్షణం నిలబడ్డాడు. కడుపు పట్టుకున్నాడు. గిర్రున తిరిగి గూటి ముందు వెల్లకిలా పడి, కాళ్ళు పైకెత్తి కొట్టుకుని, నాలుక బయటపెట్టి బిగుసుకుపోయాడు. పడేటప్పుడు కూడా గూటికి దగ్గరగా చూసుకుని పడ్డాడు, అది గమనించండి.

మైలోడి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. "ఎంత పని చేశావే బొల్లీ. నా కోసం ఆ మహానుభావుడు ప్రాణం వదిలేశాడు," అని మూతితో తొట్టిని దూరంగా నెట్టేశాడు. ఇక ఆ నీళ్ళు ముట్టనన్నాడు. కాలు కదపనన్నాడు. చచ్చినా ఆయన చెప్పిన పథ్యం తప్పనన్నాడు. పొద్దున్నే ఏరువాక. అప్పలసూరి వచ్చేసరికి ఇతను చెక్కలా పడుంటే, సాయంత్రానికి సంత బండి వస్తుంది.

బొల్లి తొట్టి వైపు, జంబయ్య వైపు మార్చి మార్చి చూసింది. నిజంగానే చంపేశానా? తన ఆత్రం కోసం ఒకణ్ణి చంపి, ఇంకొకణ్ణి కూడా చంపబోతున్నానా? దానికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, పాడు బుద్ధి, మళ్ళీ ప్రశ్న పుట్టింది. అదే తొట్టి, అదే నీళ్ళు. నేను ఇతని కంటే ఎక్కువే తాగాను. నాకు ఉచ్చ వచ్చింది, ఇతనికి చావెందుకొచ్చింది?

చచ్చినవాళ్ళని దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదు కదా అని వెళ్ళి వంగి చూసింది. అప్పటికే చుక్కల పెట్ట, దాని వెనక పిల్లలు, శవాన్ని చూడ్డానికి ఒక్కో అడుగూ దగ్గరికొస్తున్నాయి. ఓ ఈగ వచ్చి జంబయ్య చెవి మీద వాలింది. చెవి టపీమని కొట్టుకుంది. ఈగ లేచింది. చెవి మళ్ళీ చచ్చిపోయింది.

ఇంకొకరైతే, దొంగ చావు, దొంగ చావు అని అరిచేవారు. అరిస్తే ఏమయ్యేది? అవి చివరి ప్రాణాలమ్మా అని మైలోడు ఇంకా ఏడ్చేవాడు. బొల్లి అరవలేదు. చుక్కల పెట్టని కొమ్ముతో వెనక్కి నెట్టి, కొండమ్మ వైపు తిరిగి, అందరికీ వినపడేలా అడిగింది.

"పిన్నీ, ముల్లుని ముల్లుతోనే తీయాలంటారు కదా. ఉడికిన ఆకు విషం ఎక్కినవాడికి పచ్చి ఆకు రుద్దితే దిగుతుందేమో?"

కొండమ్మ నెమరేస్తూ, దిగొచ్చు అంది. దానికి ఏదైనా దిగొచ్చు, ఏదైనా ఎక్కొచ్చు. లేచి, గుబురులోంచి పచ్చి కొమ్మ ఒకటి కొమ్ముకి తగిలించుకుని నింపాదిగా బయల్దేరింది. గేదె నడక మీకు తెలుసుగా. ఒక్కో అడుగూ పడుతుంటే, ఆ చప్పుడు నేలకి ఆనిన జంబయ్య వీపుకి తెలుస్తూనే ఉంది. ఆ ఆకు సంగతి అతనికి మనకంటే బాగా తెలుసు. లేస్తే బండారం బయటపడుతుంది, పడుకుంటే మూతి కాలుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఈ మేక ఊరికే బెదిరిస్తోందిలే అని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఒళ్ళంతా వద్దు పిన్నీ, ముక్కు మీద చాలు," అంది బొల్లి. "చచ్చినవాడికి మంటేముందిలే."

కొండమ్మ తల వంచింది. కొమ్మ జంబయ్య ముక్కు మీద, మీసాల మీద, బయటపెట్టిన నాలుక మీద మెత్తగా ఒరిగింది.

పాపం, ఓర్చుకున్నాడు. అబద్ధమెందుకు చెప్పాలి, కాసేపు బాగానే ఓర్చుకున్నాడు. ముందు ఒక మీసం కదిలింది. తర్వాత పై పెదవి వణికింది. వెనక్కాలు తనంతట తానే గాలిలో గోక్కోవడం మొదలెట్టింది. ఆ తర్వాత శవం నిలువెత్తు ఎగిరింది. మూతి నేలకేసి రాసింది, గూటి రాటకేసి రాసింది, పిల్లిమొగ్గలేసింది, ముందుకాళ్ళతో ముక్కు గోక్కుని ఆ కాళ్ళకీ అంటించుకుంది. మంట తట్టుకోలేక చల్లగా తడిగా ఏది కనపడితే దాని మీదికి దూకింది. అది కుడితి తొట్టి. చెవుల దాకా ముంచేసి, కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది.

"మావా," అంది బొల్లి, "అది విషం. మళ్ళీ చస్తావు."

చుక్కల పెట్ట నవ్వు ఆపుకోలేక గూటి మీంచి కింద పడింది. అందరూ తొట్టి వైపే చూస్తున్నారు. ఉన్నట్టుండి తన మీద పెద్ద నీడ పడితే పెట్ట తలెత్తింది. మైలోడు లేచి నిలబడి ఉన్నాడు. నాలుగు కాళ్ళ మీదా. ఎప్పుడు లేచాడో అతనికే తెలియదు. కోపంలో మోకాళ్ళ సంగతి మర్చిపోయాడు.

"ఏమండీ వైద్యుడుగారూ, రోగిని చూసి వెళ్ళండి," అన్నాడు, కొమ్ములు దించి.

జంబయ్య కుడితి కారుతున్న మొహంతో వచ్చిన దారినే పరిగెత్తాడు. గోడకన్నానికి పోవాలంటే బావి మూల నుంచే పోవాలి. ఆ గుబురులోంచి అతను దూరి వెళ్ళిన చప్పుడు, తర్వాత గోడ అవతల నుంచి ఊరవతల దాకా వినపడిన ఊళ, నేను వేరే చెప్పక్కర్లేదు.

మర్నాడు ఏరువాక. కొమ్ములకి రంగులు, మెడలో గంటలు, నోట్లో బూరె. మైలోడు జత ఎద్దు పక్కన నిలబడి, కాడి పెట్టకముందే అడుగేయబోయాడు. అంతా తన మొక్కు ఫలమేనని అప్పలసూరి ఊళ్ళో చెప్పుకున్నాడు. పోలమ్మ మాత్రం ఆ రోజు బానలో ఆకులు తేలితే కర్ర ఎత్తలేదు, తీసి పారేయనూ లేదు.

అందరూ పొలానికి పోయాక బొల్లి బండ దగ్గరికి వెళ్ళింది. ఎండిన చిగుళ్ళు కాసిని మిగిలాయి. పిల్లప్పటి నుంచి చూసిన ఆకు. నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, మెల్లగా నమిలింది.

"ఎలా ఉందే?" అంది చుక్కల పెట్ట, మెడ చాచి. ఈసారి అడిగింది అది.

"తోటకూరలా ఉంది," అంది బొల్లి కాస్త దిగులుగా. గోడ అవతలి జిల్లేడు వైపు చూస్తూ, అందులో పాలెందుకుంటాయో నీకేమైనా తెలుసా అని అడిగింది. పెట్ట గూట్లోకి వెళ్ళి తలుపేసుకుంది.

నీతి ఏమిటంటే, చచ్చినట్టు ఎవడైనా నటిస్తాడు, దురద లేనట్టు నటించడం మాత్రం ఎవరి తరమూ కాదు.